వెదురు బద్దల మీద పాత చైనా రాత: ప్రయాణంలో ఎవరైనా రాసి చూశారా?

బెజవాడ బాటసారి
ఏప్రిల్‌లో అమ్మా నేనూ చైనా వెళ్తున్నాం. గ్వాంగ్‌జౌలో దిగి, రైల్లో ఛాంగ్షా, అక్కణ్ణుంచి వుహాన్. అద్దాల వంతెనల గురించి అందరూ చెప్తున్నారు, వాటి మీద నాకంత మోజు లేదు. కాగితం రాకముందు వాళ్లు వెదురు బద్దల మీద కుంచెతో రాసేవాళ్లు కదా, ఆ రాత ఒకసారి చేత్తో రాసి చూడాలని కోరిక. చైనీస్ ఒక్క ముక్క రాదు. అమ్మ గంటకు మించి ఒకచోట కూర్చోదు. వెళ్లొచ్చినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కూకట్‌పల్లి కుంచె
మీ దారిలోనే ఉందండీ. ఛాంగ్షాలో జియెన్‌దూ మ్యూజియం అని ఈ బద్దల కోసమే కట్టారు, తియెన్‌షిన్ గోపురానికి దగ్గర్లోనే. టికెట్ లేదు, పాస్‌పోర్ట్ మాత్రం దగ్గర పెట్టుకోండి. 1996లో ఊరి నడిబొడ్డున వూయీ కూడలి దగ్గర వ్యాపార భవనం కోసం తవ్వుతుంటే ఒక పాత బావిలో లక్షకు పైగా బద్దలు బయటపడ్డాయి. చైనా మూడు ముక్కలై ఉన్న మూడు రాజ్యాల కాలంలో (క్రీ.శ. మూడో శతాబ్దం) వూ రాజ్యం వాళ్లవి. అందులో కవిత్వం వెతక్కండి. ఎవరి పొలం ఎంత, ఎవరు ఎంత ధాన్యం కట్టారు, ఇంట్లో ఎంతమంది, ఇవే.

మేం వెళ్లినప్పుడు బడిపిల్లల గుంపు ఒకటి కింద బల్లల దగ్గర రాస్తోంది. మేం వింతగా చూస్తుంటే నేర్పించే అమ్మాయి మాకూ తలా ఒక బద్ద ఇచ్చింది. రోజూ ఉండే కార్యక్రమం కాదు, ఎక్కువగా వారాంతాల్లోనేనట. ముందే హోటల్ వాళ్లచేత ఫోన్ చేయించండి.

హైటెక్ హనుమంతు
నన్నడిగితే డబ్బు దండగ. ఒక పాత వీధిలో కొట్టువాడు పట్టు అంగీ తొడిగి, ముందే తాడుతో కట్టేసిన బద్దల చాప చేతికిచ్చాడు. పైన వార్నిష్! కుంచె పెట్టగానే సిరా చుక్కలు చుక్కలుగా విడిపోయింది. ఫొటో తీశాడు, అయిపోయింది అన్నాడు. అంతకంటే అక్కడే ఘాటు వాసన వచ్చే టోఫు తిన్నా ఏదో ఒక జ్ఞాపకం మిగిలేది.

కూకట్‌పల్లి కుంచె
హనుమంతు గారూ, అది గోడకు తగిలించే అలంకారం, రాసేది కాదు. మెరుస్తున్న బద్ద కనిపిస్తే దణ్ణం పెట్టి పక్కకొచ్చేయాలి. తప్పనిసరైతే సన్న ఇసుక కాగితంతో పైపూత గీకేస్తే సిరా పడుతుంది. కుంచెలు, సిరా అమ్మే మామూలు కొట్లో పూత లేనివి విడివిడిగా దొరుకుతాయి. ఒక కట్ట కొనుక్కుని హోటల్ గదిలో రాసుకున్నా చాలు. అసలు నేను నేర్చుకున్నది అలాగే.

రాత సంగతి కాస్త వివరంగా చెప్తాను. బద్ద వెడల్పు సెంటీమీటరు లోపే. మామూలు పొడవు హాన్ వంశం ఏలిన కాలపు (సుమారు రెండు వేల ఏళ్ల కిందటి) అడుగు, అంటే మన లెక్కలో 23 సెంటీమీటర్లు. గొప్ప గ్రంథాలకు పొడుగు బద్దలు వాడేవాళ్లు. పై నుంచి కిందకి ఒకే వరస రాసి, తర్వాతి బద్దను ఎడమ పక్కన పెట్టాలి. రాసేది లోపలి పసుపు వైపు. తొక్క వైపు నున్నగా ఉంటుంది, సిరా నిలవదు. పూర్వం పచ్చి బద్దల్ని నిప్పుసెగ మీద పట్టి, లోపలి చెమ్మంతా బయటికొచ్చేదాకా ఆరబెట్టేవాళ్లు. అలా చేయకపోతే పురుగు పడుతుంది.

వెదురు పీచు నిలువుగా ఉంటుంది కాబట్టి నిలువు గీత జారినట్టు వచ్చేస్తుంది. తంటా అంతా అడ్డగీతతోనే. కుంచెలో సిరా కాస్త ఎక్కువైందా, పీచు పట్టుకుని కిందకీ మీదకీ పాకేస్తుంది. పక్కపక్కనున్న రెండు అడ్డగీతలు కళ్లముందే కలిసి ఒక ముద్దవుతాయి. కుంచెను గిన్నె అంచుకు రాసి సగం సిరా వదిలించి, కొన మాత్రం తగిలించి, ఎడమ నుంచి కుడికి ఆగకుండా లాగాలి. కణుపు దగ్గర అక్షరం పెట్టకండి, ఖాళీ వదిలి దాటేయండి. కుంచె సన్నది, కాస్త బిరుసుగా ఉన్నది అడగండి. మేకవెంట్రుకల మెత్తటి కుంచెతో కొత్తవాళ్లకు అస్సలు కుదరదు.

ఇంకో సరదా ఉంది. హాన్ కాలపు గుమస్తాలు అప్పుడప్పుడు మాట చివరి అక్షరంలో నిలువు గీతను రెండు మూడు అక్షరాల మేర కిందకి దింపేస్తారు. చోటు ఇరుకైన బద్ద మీద అంత దర్జా! అది ఒక్కటి అనుకరించి చూడండి, చెయ్యి తేలికపడుతుంది.

వుహాన్ మెడికో
అక్కా, నేను వుహాన్‌లో ఎంబీబీఎస్ చదివాను. మీరు హుబేయ్ రాష్ట్ర మ్యూజియం వదలొద్దు. అందరూ కాంస్య గంటల దగ్గర గుమిగూడతారు, మీరు షుయ్‌హుదీ బద్దలు ఎక్కడున్నాయో అడగండి. 1975లో యున్‌మెంగ్‌లో ఒక సమాధి తవ్వితే చిన్ కాలపు (హాన్ కంటే ముందరి, క్రీ.పూ. మూడో శతాబ్దపు) ఉద్యోగి ఒకాయన అస్థిపంజరం చుట్టూ 1,155 బద్దలు పేర్చి ఉన్నాయి. పేరు షీ. మన కరణం లాంటివాడు అనుకోండి. చట్టాలు, కేసులు ఎలా విచారించాలో, మంచి రోజులు చెడ్డ రోజులు, అన్నీ తనతోపాటే తీసుకెళ్లాడు. అందరూ చెక్కారని అనుకుంటారు గానీ అది కుంచె రాతే. అప్పటి గుమస్తాల దగ్గర చాకు కూడా ఉండేది, తప్పుపోతే గీకేయడానికి.

దానికంటే నాకు నచ్చినవి రెండు ఉత్తరాలు. అదే చోట వేరే సమాధిలో దొరికాయి, వెదురు కాదు, చెక్క పలకలు. హైఫూ, జింగ్ అని ఇద్దరు సోదరులు యుద్ధం నుంచి ఇంటికి రాశారు, క్రీ.పూ. 223 ప్రాంతంలో. చైనాలో ఇప్పటిదాకా దొరికిన ఇంటి ఉత్తరాల్లో ఇవే పాతవి. మొదట అమ్మ బాగుందా అని అడుగుతారు. వెంటనే డబ్బు పంపమంటారు! మన ఊళ్లో గుడ్డ చవకైతే అమ్మ వేసవి బట్టలు కుట్టి డబ్బుతోపాటు పంపాలి, ఖరీదైతే ఒట్టి డబ్బే పంపండి, గుడ్డ ఇక్కడే కొనుక్కుంటా అంటాడు హైఫూ. హాస్టల్లో ఉండి అది చదివినప్పుడు నవ్వాగలేదు. మీరు రాయడానికి ఆ పలకరింపు తీసుకోండి, నాలుగే అక్షరాలు: ము ఊ యాంగ్ యే. అమ్మ క్షేమమే కదా అని. అమ్మగారు పక్కనే ఉంటారు కూడా.

బెజవాడ బాటసారి
తమ్ముడూ, ఇది అమ్మకు చదివి వినిపించాను. “డబ్బు దగ్గరికొచ్చేసరికి కొడుకులంతా ఒకటే” అంది. ఆ నాలుగూ ఖాయం. దాని కింద తెలుగులో కూడా రాస్తే బాగుంటుందేమో?

తాటాకు రామం
అమ్మ అని రాయాలంటేనే చిక్కు వస్తుంది తల్లీ. మ కింద మవత్తు దిగాలి. నిలువుగా ఒక్కో అక్షరం కిందకి పేర్చుకుంటూ పోతే ఆ వత్తు తర్వాతి అక్షరం నెత్తినెక్కుతుంది. సెంటీమీటరు వెడల్పులో వత్తు, గుడి, తలకట్టు అన్నీ ఇమిడించే సన్న కుంచె దొరకదు. బద్దను అడ్డంగా తిప్పి, మనం తాటాకు మీద రాసినట్టు పొడవునా రాయండి. అప్పుడు పీచు కూడా మీ రాత వెంబడే ఉంటుంది.

నేను తాళపత్రాల మధ్యే పెరిగినవాణ్ణి, నాన్నగారు వాటికి నకళ్లు రాసేవారు. ఆకు మీద గంటంతో గీస్తాం, ఆ వేళకు అక్షరం సరిగా కనపడదు కూడా. తర్వాత మసి పూసి తుడిస్తే తేలుతుంది. గీసింది గీసిందే, దిద్దుబాటు కష్టం. వెదురు మీద ఆ భయం లేదు. తడిగా ఉంటే తుడవచ్చు, ఎండితే గీకచ్చు. కట్టడమూ వేరు. మనం ఆకుకు బెజ్జం వేసి తాడు దూరుస్తాం. వాళ్లు మామూలుగా బెజ్జం వేయరు. అంచున చిన్న గాటు పెట్టి, రెండు పేటల తాడును ప్రతి బద్దకూ మెలేసుకుంటూ అల్లుకుపోతారు. హాన్ కాలపు సామాన్ల జాబితా ఒకటి, 77 బద్దలది, అప్పటి జనపనార తాడుతో సహా దొరికింది, తైపేలో ఉంది. నేర్పేవాళ్లను రాత కంటే ముందు ఆ అల్లిక చూపించమనండి. అమ్మగారికి అది చటుక్కున పట్టుబడుతుంది.

లాన్‌జౌ లలిత
ఎవరైనా పట్టుదారి వైపు, అంటే గాన్సు వెళ్తుంటే లాన్‌జౌలో ఆగండి. అక్కడి బద్దల మ్యూజియానికి 2023లో కొత్త భవనం వచ్చింది. ఎడారి ప్రాంతం, వెదురు పండదు కాబట్టి ఎక్కువ చెక్కవే. దున్‌హువాంగ్ దగ్గర షువాన్‌చువాన్ అనే పాత టపా మజిలీలో దొరికిన కోళ్ల పద్దు నాకు భలే నచ్చింది. క్రీ.పూ. 62 నాటిది. ఏ అధికారి వచ్చినప్పుడు ఎన్ని కోళ్లు కోశారో కూడా రాసి పెట్టారు! పర్యాటక వీసాలు మనవాళ్లకు మళ్లీ ఇస్తున్నారు, ఇప్పుడు టెన్షన్ లేదు.

హైటెక్ హనుమంతు
కోళ్ల పద్దు ఉందని ముందే చెప్పొచ్చుగా, నేను అటే వెళ్లేవాణ్ణి. ఫోన్‌లో అలీపే అనే చైనా చెల్లింపుల యాప్ పెట్టుకుని మన కార్డు జోడించుకోండి, చిల్లర కొట్లలో కార్డు తీసుకోరు. చాకు, సిరా బుడ్డి చేతిసంచిలో పెట్టొద్దు.

బెజవాడ బాటసారి
అందరికీ థ్యాంక్స్. ఆఖరి అనుమానం: రాసినవి ఇంటికి తెచ్చాక తాటాకులకు రాసినట్టు నూనె రాయాలా?

తాటాకు రామం
వద్దు. నిమ్మగడ్డి నూనె ఆకు పెళుసెక్కకుండా రాస్తాం, వెదురుకు దాంతో పనిలేదు, సిరా మీద మరకలు పడతాయి. రాసిన రాత్రంతా ఆరనిచ్చి తర్వాతే చుట్టండి, లేకపోతే ఒకదాని సిరా ఇంకోదానికి అంటుతుంది. బెజవాడ వానాకాలానికి బూజు గ్యారంటీ, కాబట్టి గాజు ఫ్రేములో బిగించకుండా గుడ్డలో చుట్టి బీరువా పై అరలో పెట్టండి. నెలకోసారి నీడలో గాలికి ఆరేస్తే చాలు.