మోటు ఆవులు: ఐదు మందలకు ఒకే ఆబోతు సరిపోతుందా?

ప్రశ్న (కలిమెల, మల్కన్‌గిరి జిల్లా, ఒడిశా)
ఐదు ఇళ్ల మందలు కలిపితే మోటు జాతి ఆవులు 60 ఉన్నాయి. మేలైన ఆబోతు ఒక్కటే. దాన్నే అందరం తిప్పుకుంటే జాతి నిలుస్తుందా?

జవాబు
నిలవదండి. లెక్క చూడండి: నాలుగును ఆబోతుల సంఖ్యతో, ఆవుల సంఖ్యతో గుణించి, రెండూ కలిపిన మొత్తంతో భాగించాలి, అంటే 4×1×60÷61. జన్యుపరంగా మీ 60 ఆవుల మంద నాలుగు పశువుల పెట్టు. ఆబోతులు ఐదైతే అది 18 దాటుతుంది. అందుకే ఉన్న డబ్బుతో ఆవుల్ని కాదు, చుట్టరికం లేని కోడెలు నాలుగింటిని వేర్వేరు ఊళ్ల నుంచి తెండి. కొమ్ముల్లేవని కోడెను తీసేయకండి, మోటులో బోడివి మామూలే.

రెండేళ్లకోసారి ఆబోతులన్నీ ఒకే వరసలో ముందుకు జరగాలి: ఒకటో మందది రెండుకు, ఐదోది ఒకటికి. ఆలస్యమైతే ఆబోతు ఉన్న మందలోనే దాని సొంత పెయ్యలు ఎదకొస్తాయి. తండ్రీకూతుళ్లకు పుట్టిన దూడలో అంతఃప్రజనన గుణకం (దగ్గరి చుట్టరికంలో పుట్టడాన్ని కొలిచే అంకె) 25 శాతం. ఇంట పుట్టిన కోడెను ఆ ఇంట ఆబోతుగా వదలొద్దు.

మరో జవాబు
వరస సరే, రోగం మాటేమిటి అన్నా? ఒక్క ఆబోతు బ్రుసెల్లోసిస్‌ను (ఆవులు ఈసుకుపోయే అంటురోగం) ఐదు మందలకూ పంచగలదు. కదిలించే ముందు రక్తపరీక్ష, చేరాక 30 రోజులు వేరే కొట్టం, మళ్లీ పరీక్ష.

కోతలయ్యాక పశువుల్ని ఊరంతా కలిపి వదులుతారు కదా, అక్కడే కథ చెడుతుంది. ఊరకోడెలకు ముందే బర్డిజోతో (విత్తులు నొక్కే పటకారు) విత్తులు నొక్కించండి. చెవి ట్యాగు నంబరు, తల్లి, తండ్రి, ఈనిన తేదీ ఒకే పుస్తకంలో రాయాలి. తండ్రి తెలియకపోతే ఖాళీ వదలండి, ఊహించి రాయొద్దు.

ప్రశ్న వేసినవారు
జెర్సీ సూది వేయించిన ఆవులు నాలుగున్నాయి, వాటినేం చేయాలి?

జవాబు
ఆవులు ఉండనీయండి, పుట్టే సంకర దూడల్ని పుస్తకంలోకి ఎక్కించొద్దు. మగవైతే విత్తులు నొక్కించాల్సిందే.