1453కు ముందే మొదలైన పోర్చుగీసు యాత్రలకు అసలు ప్రేరణ ఏమిటి?

పెద్దలకు నమస్కారం. నేను హైస్కూలు పిల్లలకు సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. 1453లో తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను ఆక్రమించుకోవడంతో పాత వర్తక మార్గాలు మూసుకుపోయాయనీ, అందుకే ఐరోపావారు సముద్రం మీద పడ్డారనీ మనమంతా చదువుకున్నాం. అయితే పోర్చుగీసువారు ఉత్తర ఆఫ్రికా తీరంలోని స్యూటాను పట్టుకున్నది 1415లో. పశ్చిమ ఆఫ్రికా తీరంలోని బొజడోర్ అగ్రాన్ని దాటింది 1434లో. పైగా 1453 తరువాత కూడా మిరియాలు అలెగ్జాండ్రియా మీదుగా వెనిస్‌కు చేరుతూనే ఉన్నాయి.

అలాంటప్పుడు తొలి నావికులను ముందుకు నడిపించింది ఆఫ్రికా బంగారమా, ముస్లిం రాజ్యాల మీద మతయుద్ధమా, ఎక్కడో ఉన్నాడని వారు నమ్మిన క్రైస్తవ రాజు ప్రెస్టర్ జాన్‌తో పొత్తు కుదుర్చుకోవాలన్న ఆశా, లేక 1444 నాటికే పోర్చుగల్‌లోని లాగోస్ రేవులో సాగిన బానిసల అమ్మకమా?

1498లో కాలికట్‌లో ఒడ్డుకు దిగిన వాస్కోడగామా మనిషిని ఏం పని మీద వచ్చారని అడిగితే, క్రైస్తవుల కోసం, సుగంధ ద్రవ్యాల కోసం అని బదులిచ్చాడు. రెంటినీ కలిపి చెప్పిన ఆ జవాబే నన్ను వదలడం లేదు. వ్యాపారమే ప్రధానమైతే, సంపన్నుడైన కాలికట్ రాజు సామూతిరికి టోపీలు, పగడాల దండలు, చేతులు కడుక్కునే పళ్లేలు, పంచదార, నూనె, తేనె వంటివి మాత్రమే కానుకగా ఎందుకు తెచ్చారు?

ఈ ప్రేరణలలో ఏది ఏ దశలో బలపడిందో, రాజుల ఉద్దేశం, వర్తకుల ఉద్దేశం ఎక్కడ వేరయ్యాయో తెలిసినవారు దయచేసి వివరించగలరు.