నట్టల మందు తాగించినా గొర్రెల దవడ కింద నీరు దిగుతోంది, ఏం చేయాలి?

మాది పరకాల దగ్గర పల్లె. వానకాలం మొదట్లనే మందకంతా ఆల్బెండజోల్ తాగించినం. అయినా కొన్నిటికి దవడ కింద నీరు దిగింది, కనురెప్పల లోపల తెల్లగా పాలిపోయింది. ఒక సూడి గొర్రె లేవలేకపోతుంటే ప్రాణం తరుక్కుపోతోంది.

చెరువు శికంలో మేస్తాయి, అక్కడ నత్తలు బాగా ఉన్నయి, కాలేయపు జలగ నత్తల ద్వారానే వస్తది. మరి ఇది కాలేయపు జలగా, లేక కడుపులో రక్తం తాగే హీమాంకస్ నట్టలా? ఆల్బెండజోల్ ముదిరిన జలగలనే చంపుతుంది, పిల్ల జలగలను చంపదు. ఫెన్‌బెండజోల్‌కు మార్చమంటున్నరు గానీ అదీ అదే జాతి మందు. నట్టలు మొండికేస్తే దాంతోనూ లాభం లేదు.

మందుకు ముందు, 14 రోజుల తర్వాత పెంటికల్లో గుడ్లు లెక్కపెట్టి, 95 శాతం కన్నా తక్కువ తగ్గితే మందుకు లొంగట్లేదని తేలుస్తరు. ఈ పరీక్ష మామునూరు పశువైద్య కళాశాలలో రైతులకు చేస్తరా? పెంటికలు చెడకుండ ఎట్ల తీసుకపోవాలె? సూడి గొర్రెలకు ఏ మందు భద్రం? తెలిసినోళ్లు దయచేసి జల్ది చెప్పండి.