కొత్త ర్యామ్ వేస్తే కూత తప్ప తెర వెలగడం లేదు, బోర్డు పోయినట్టేనా?

కావలి డీటీపీ:
అందరికీ నమస్కారం. మాది కావలి. ఇంట్లోనే పెళ్లిపత్రికలు, కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు కంపోజ్ చేస్తుంటాను. 2011లో చీటీ పాడిన డబ్బుతో కొన్న కంప్యూటర్ ఇది. ఇంటెల్ జీ41 మదర్‌బోర్డు, 2 జీబీ డీడీఆర్3 రకం ర్యామ్ (పని చేసేటప్పుడు కంప్యూటర్ వాడుకునే తాత్కాలిక మెమరీ), 32 బిట్ల విండోస్ 7. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్ల వరకు ఏ ఇబ్బందీ లేదు. పక్కన ఫోటోషాప్‌లో వధూవరుల ఫోటో తెరిస్తే మాత్రం హార్డ్ డిస్క్ దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది, మౌస్ ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది.

మొన్న ఒక దుకాణంలో 4 జీబీ ర్యామ్ కొని రెండో స్లాట్‌లో పెట్టాను. స్విచ్ వేస్తే పొడవుగా కూత, తెర నల్లగా. పాతది తీసి కొత్తదొక్కటే పెట్టినా అంతే. పాతదొక్కటే ఉంచితే మామూలుగా పనిచేస్తోంది. మదర్‌బోర్డు పోయింది, కొత్త సిస్టమ్ తీసుకోండని దుకాణం ఆయన అంటున్నారు. మాఘమాసం ముహూర్తాలకు పద్నాలుగు పత్రికలు ఒప్పుకుని ఉన్నాను. దయచేసి ఎవరైనా చెప్పండి.

ఒంగోలు మెకానిక్:
అమ్మా, కంగారు పడకండి. పాత ర్యామ్‌తో నడుస్తున్న బోర్డును పోయిందని ఎలా అంటారు? కొత్త ర్యామ్ చేతిలోకి తీసుకుని దాని మీదున్న నల్లటి చిప్పులు లెక్కపెట్టండి. ఒకవైపే ఎనిమిది ఉన్నాయా, రెండు వైపులా కలిపి పదహారా?

జీ41 గుర్తించగలిగేది ఒక్కో చిప్పు 2 గిగాబిట్ల వరకే. ఒక జీబీ అంటే 8 గిగాబిట్లు కాబట్టి, 4 జీబీని ఎనిమిది చిప్పుల్లో సర్దితే ఒక్కోటి 4 గిగాబిట్లు అవుతుంది, ఈ బోర్డుకు అది అర్థం కాదు. అదే 4 జీబీ పదహారు చిప్పుల్లో ఉంటే తీసుకుంటుంది. స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది కాబట్టి సరిపోయిందనే అనుకుంటాం. ఈ లెక్క చూడకుండా బోర్డులు మార్పించేస్తుంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

సముద్రం పక్కవాడిని:
మాది తుమ్మలపెంట దగ్గర. ఉప్పుగాలికి ర్యామ్ అడుగునున్న బంగారు పూత పళ్లు మసకబారతాయి. కరెంటు తీగ పీకేసి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకి, మెత్తటి పెన్సిల్ రబ్బరుతో ఆ పళ్లను తుడవండి. సిరా చెరిపే గరుకు రబ్బరు వద్దు, పూత లేచిపోతుంది. పొట్టు దులిపి, రెండు చివర్లా క్లిప్పులు టక్కుమనే దాకా నొక్కండి.

పొదిలి విద్యార్థి:
అక్కా, ఈ బోర్డు 8 జీబీ దాకా తీసుకుంటుంది. పదహారు చిప్పులవి రెండు వేసి 64 బిట్ల విండోస్‌కు మారిపోవచ్చు కదా.

ఒంగోలు మెకానిక్:
తమ్ముడూ, ముహూర్తాలు ముందు పెట్టుకుని విండోస్ మార్చమనకూడదు. అను కీబోర్డు, పేజ్‌మేకర్, పాత ఫైళ్లు 64 బిట్లలో సరిగ్గా నడుస్తాయో లేదో తీరిక ఉన్నప్పుడు చూసుకోవాలి. విండోస్ 7 32 బిట్లలో 4 జీబీకి మించి వేసినా వృథా. అందులోనూ పరికరాల చిరునామాలకు కొంత పోతుంది. అమ్మా, మీరు ఇంకో 2 జీబీ డీడీఆర్3 మాత్రం తెచ్చుకోండి. రెండింటి వేగాలు వేరైనా పర్వాలేదు, తక్కువ దాని వేగంతో కలిసి నడుస్తాయి. డీడీఆర్2 పొరపాటున తేకండి. రెండింటికీ 240 పిన్నులే అయినా గాటు వేరే చోట ఉంటుంది, బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది.

కావలి డీటీపీ:
లెక్కపెట్టాను. ఒకవైపే ఎనిమిది! ర్యామ్ తీసుకెళ్లి చిప్పులు చూపించి మాట్లాడితే దుకాణం ఆయన 2 జీబీది మార్చి ఇచ్చారు. రబ్బరుతో తుడిస్తే పాత ర్యామ్ పళ్ల మీద నల్లటి మసి వచ్చింది. ఇప్పుడు 4 జీబీ, అందులో వాడకానికి 3.24 అని చూపిస్తోంది. ఫోటో తెరిస్తే డిస్క్ దీపం రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. రాత్రికి మూడు పత్రికలు ప్రూఫుకు పంపేశాను. మీ అందరికీ చేతులెత్తి నమస్కారం.