ప్రమాణ స్వీకార వేడుకల ఖర్చు లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. 2009 జనవరి 20న ఒబామా ప్రమాణ స్వీకారం చేసేనాటికి అమెరికాలో నెలకు లక్షల ఉద్యోగాలు ఊడుతున్నాయి. అయినా ఆ రాత్రి వాషింగ్టన్‌లో 10 అధికారిక నృత్యోత్సవాలు జరిగాయి. యుద్ధకాలంలో, 1945లో, రూజ్వెల్ట్ ఇదే తంతును వైట్‌హౌస్ వరండాలో క్లుప్తంగా ముగించారు గనుక, ఆడంబరం తప్పదన్న వాదన నాకు రుచించదు.

నా సందేహం మాత్రం లెక్కల గురించి. వేడుకల కమిటీకి 200 డాలర్లు, ఆపైన విరాళమిచ్చినవారి పేర్లను 90 రోజుల్లోగా ఫెడరల్ ఎన్నికల సంఘానికి సమర్పించాలి. 2009లో ఒబామా వేడుకల కమిటీ ఒక్కొక్కరి నుంచి 50,000 డాలర్లకు మించి తీసుకోలేదు, కార్పొరేట్ సొమ్ము ముట్టలేదు, అది మెచ్చుకోదగినదే. కానీ ఆ డబ్బును దేనికెంత వెచ్చించారో చెప్పి తీరాలన్న నిబంధన లేదు. పోలీసుల ఓవర్‌టైమ్, బారికేడ్లు, మర్నాడు చెత్త ఎత్తించడం వంటివేమో పన్నుల సొమ్ము మీద పడతాయి. నగరానికి కేంద్ర సాయం అందేందుకు, దిగిపోతున్న అధ్యక్షుడు బుష్ అత్యవసర పరిస్థితిని సైతం ప్రకటించవలసి వచ్చింది.

ఈ రెండు ఖర్చులనూ ఒకేచోట చూపే ఆడిట్ నివేదిక ఏదైనా ఉన్నదా? లేకుంటే నగర బడ్జెట్‌లో ఏ పద్దు కింద వెతకాలి? అక్కడి ప్రభుత్వ లెక్కలు తెలిసినవారు, ముఖ్యంగా వాషింగ్టన్ పరిసరాల్లోని తెలుగువారు, దయచేసి తెలుపగలరు.