గ్రానొవెటర్ కొలతలో వాట్సాప్ పరిచయాన్ని ఏ గడిలో వేయాలి?

ఎం.ఏ. సోషియాలజీ ప్రాజెక్టు కోసం, హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఉద్యోగం కబురు మొదట ఎవరి నుంచి అందిందో అడుగుతున్నాను. ఆధారం అమెరికన్ సోషియాలజిస్ట్ మార్క్ గ్రానొవెటర్ 1973 వ్యాసం; ఉద్యోగం కబుర్లకు దగ్గరివాళ్లకంటే దూరపు పరిచయాలే ఎక్కువ పనికొస్తాయన్నది అందులో వాదన. బోస్టన్ పక్కనున్న న్యూటన్‌లో పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో కబురు చెప్పిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 16.7 శాతమే. 55.6 శాతం అప్పుడప్పుడు, 27.8 శాతం అరుదుగా కలిసేవాళ్లు. వారానికి కనీసం రెండుసార్లు కలిస్తే 'తరచూ', ఏడాదికి ఒకసారి లేదా అంతకంటే తక్కువైతే 'అరుదు'.

చిక్కంతా ఇక్కడే. ఒకతనికి కబురు చెప్పింది కాలేజీ సీనియర్. బ్యాచ్ గ్రూపులో రోజూ గుడ్ మార్నింగ్ పెడతాడు, ఎదురుపడి మాత్రం నాలుగేళ్లయింది.

మెసేజ్‌లు లెక్కేస్తే దాదాపు అందరూ 'తరచూ'లో పడుతున్నారు. కలవడమే లెక్కేస్తే, రోజూ ఫోన్‌లో మాట్లాడే బావమరిది కూడా 'అరుదు' అయిపోతున్నాడు! ఎంత దగ్గరో 5కి మార్కులు వేయమంటే మొహమాటానికి అందరికీ 4 వేస్తున్నారు. 2022 లింక్డిన్ పరిశోధనలోలా ఉమ్మడి పరిచయాలు లెక్కిద్దామంటే నాకు ఆ డేటా లేదు. గైడ్‌గారు 'నువ్వే తేల్చుకో' అన్నారు.

ఇలాంటి సర్వే చేసినవాళ్లు, గ్రూపు పరిచయాన్ని అసలు దగ్గరితనం నుంచి విడదీయడానికి ఏ ప్రశ్న అడిగారు?