బెంజాల్కోనియం క్లోరైడ్ పూర్తిగా న్యూట్రలైజ్ కావడం లేదు, ఏం మార్చాలి?

అనంతపురంలోని మా ల్యాబ్‌లో క్రిములను చంపే మందైన 0.1 శాతం బెంజాల్కోనియం క్లోరైడ్‌ను స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా మీద సస్పెన్షన్ పద్ధతిలో (బాక్టీరియా ఉన్న ద్రవంలో మందు కలిపి) పరీక్షిస్తున్నాం. 20 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచి, 1 మి.లీ. తీసి 9 మి.లీ. న్యూట్రలైజర్‌లో (మందు పనిని ఆపే ద్రవం: 3 శాతం పాలీసార్బేట్ 80, 0.3 శాతం లెసిథిన్) కలిపి, బతికినవి కాలనీలుగా పెరిగేలా ప్లేట్ చేస్తున్నాం. ఇక్కడి బోరునీళ్ల కాఠిన్యం ఈ మందు బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి డిస్టిల్డ్ వాటర్‌తోనే పలచన చేశాం.

చిక్కంతా కంట్రోల్‌లోనే, అంటే న్యూట్రలైజర్ సరిగా పనిచేస్తోందో లేదో చూసే పరీక్షలోనే. 100 బాక్టీరియా వేసి న్యూట్రలైజర్ ఒక్కటే పెడితే 100 కాలనీలూ వస్తున్నాయి. మందు కూడా కలిపితే 30 దాటడం లేదు. అంటే న్యూట్రలైజర్ బాక్టీరియాను చంపడం లేదు, మందే మిగిలిపోతోంది. ఇలాగే వదిలేస్తే ప్లేటు మీద చచ్చినవాటిని కూడా ఆ 5 నిమిషాల్లోనే చచ్చినట్టు లెక్కేస్తాం.

పాలీసార్బేట్‌ను 10 శాతానికి పెంచాలా, లేక బాక్టీరియాను పట్టి ఉంచి మందును కడిగేసే 0.45 మైక్రాన్ మెంబ్రేన్ ఫిల్టర్‌కు మారాలా? మందు ఫిల్టర్‌కే అంటుకుంటుందేమోనని మా భయం. చేసి చూసినవాళ్లు ఏ మెంబ్రేన్ వాడారో, ఎన్ని మి.లీ.తో కడిగారో దయచేసి చెప్పండి.